ఓడలో రెండో బంతి

మా వైపు పెళ్ళిళ్ళలో ఒక దృశ్యం మీరంతా చూసే ఉంటారు. మొదటి బంతి కూర్చుంటుంది. వడ్డన సాంబారు దాకా వచ్చేసరికి ఒక్కో కుర్చీ వెనకాల ఒక్కో మనిషి వచ్చి నిలబడతాడు. తినేవాడు పెరుగన్నం కలుపుకుంటున్నాడా, లేక మారు సాంబారు అడుగుతున్నాడా అని వాళ్ళ చూపంతా ఆ విస్తరి మీదే. పాపం, తినేవాడికి ముద్ద గొంతు దిగదు. వెనక ఉన్నవాడు కుర్చీ వీపు మీద చెయ్యి వేస్తాడు. ఆ చెయ్యే రిజర్వేషను. దానికి కాగితం లేదు, రుసుము లేదు, పేరు రాసే గుమాస్తా లేడు. చెయ్యి తీస్తే మాత్రం రద్దు.

ఇలాంటి మోటు వ్యవహారం మన దగ్గరే గాని, నాగరికులైన వాళ్ళ దగ్గర ఉండదని నేను చాలాకాలం నమ్మాను. అమెరికాలో ఓడెక్కి చూశాక ఆ నమ్మకం పోయింది. అక్కడా బంతులున్నాయి. కుర్చీ వెనక నిలబడటాలున్నాయి. చెయ్యి మాత్రం కుర్చీ మీద కాకుండా సెల్‌ఫోను మీద ఉంటుంది, అంతే తేడా.

ఓడ మాట ఎందుకొచ్చిందో చెప్తాను. మాది రాజాం. తాండ్ర పాపారాయుడి రాజాం అంటే అందరికీ తెలుస్తుంది. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. మా ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే చీపురుపల్లో, పొందూరో వెళ్ళాలి. రైలే లేని ఊరివాళ్ళకి ఓడెక్కే యోగం మా అబ్బాయి వల్ల పట్టింది. వాడు డల్లాసులో ఉంటాడు. మావారినీ, నన్నూ, ఎనభైకి దగ్గర పడ్డ మా అత్తగారినీ పిలిపించుకుని, “మీరెప్పుడు చూస్తారు సముద్రం మీద సూర్యోదయం!” అని టిక్కెట్లు కొనేశాడు. డల్లాసు నుంచి కారులో అయిదు గంటలు వెళ్తే గాల్వెస్టన్ అని టెక్సాస్ వాళ్ళ రేవు. అక్కణ్ణించి మెక్సికోలోని కొజుమెల్ దీవికి పోయి రావడం. అయిదు రాత్రులు ఓడ మీద.

ఓడ పేరు చెప్పను. నా ఫిర్యాదు ఓడ మీద కాదు, పద్ధతి మీద. ఆ పద్ధతి ఈ రోజున పెద్ద ఓడలన్నిటిలోనూ ఇంచుమించు ఒకటే.

ఆ పద్ధతి ఇదీ. టిక్కెట్టు ధరలోనే తిండి కలిసి ఉంటుంది. ఒక పెద్ద భోజనశాల ఉంటుంది. బల్లల మీద తెల్లగుడ్డలు పరిచి, వడ్డించేవాళ్ళు వరసగా తెచ్చి పెడతారు. మరో అంతస్తులో ఎవరికి కావలసింది వాళ్ళు పళ్ళెంలో పెట్టుకునే బఫే ఉంటుంది. ఈ రెండు చోట్లా మామూలుగా తినేదానికి అదనంగా డబ్బు ఇవ్వక్కర్లేదు. ఇవి కాక నాలుగైదు “ప్రత్యేక భోజనశాలలు” ఉంటాయి. ఒకటి ఇటలీ వంట. ఒకటి జపాను వాళ్ళది, వేడి పెనం చుట్టూ జనాన్ని కూర్చోబెట్టి వంటవాడు అట్లకాడ ఎగరేసి పట్టుకుంటూ వండుతాడు. ఒకటి కేవలం మాంసం కాల్చి పెట్టేది. వీటికి మనిషికింత అని విడిగా డబ్బు కట్టాలి, ముందుగా పేరు రాయించుకోవాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా లెక్కలో ఉంది. నాలుగు వేల మంది ఎక్కే ఓడ అనుకోండి. అందులో అందరికీ మనసైన హోటల్లో నూరు కుర్చీలు ఉన్నాయనుకోండి. సాయంత్రం అయిదింటి నుంచి పది దాకా మూడు బంతులు లేస్తాయి. అంటే రాత్రికి మూడు వందల మంది. అయిదు రాత్రులకి పదిహేను వందలు. నాలుగు వేల మందీ ఒక్కసారైనా తినాలనుకుంటే సగానికి పైగా మనుషులకి ఒక్కసారి కూడా దొరకదు. అందులోనూ మనిషన్నవాడికి ఆకలి వేసే ఏడు, ఏడున్నర వేళ కావాలంటే మూడు బంతుల్లో ఒక్కటే మిగిలింది. అంచేత తెలిసినవాళ్ళు ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే ఇంట్లో కూర్చుని ఆ కుర్చీల మీద చెయ్యి వేసేస్తారు. తెలియని మాలాంటి వాళ్ళు ఓడెక్కాక వెళ్తారు.

మా కోడలు ఓడలో కాలు పెట్టిన క్షణం నుంచీ ఫోను చూస్తూనే ఉంది. రేవు వెనక్కి పోతోంది, పక్షులు వెంట వస్తున్నాయి, అత్తగారు రెయిలింగు పట్టుకుని “గోవిందా” అంటున్నారు. ఈ పిల్ల మాత్రం, “అత్తయ్యా, జపానుది అయిదు రాత్రులూ నిండిపోయింది. ఇటలీది అయిదింటికి ఒకటి, తొమ్మిదింపావుకి ఒకటి చూపిస్తోంది. ఏది నొక్కమంటారు?” అంటోంది. అయిదింటికి మేము మధ్యాహ్నం కాఫీ తాగే వేళ. తొమ్మిదింపావుకి అత్తగారు రెండో నిద్రలో ఉంటారు. ఏది నొక్కాలా అని మేము తర్కించుకుంటూ ఉండగానే ఆ రెండూ కూడా పోయాయి.

అప్పుడు నాకు మా పాపారాయుడు గుర్తొచ్చాడు. 1757లో బొబ్బిలి కోటని బుస్సీ ఫిరంగులు పడగొడుతూ ఉంటే, ఆయన ఇక్కడ రాజాంలోనే ఉన్నాడని, కబురు అందేసరికి అంతా అయిపోయిందని కదా మా వాళ్ళు చెప్పుకునే కథ! రాజాం వాళ్ళకి కబురు ఆలస్యంగా అందడం ఈనాటిది కాదు.

ఇక విమర్శలోకి వస్తాను. నా మొదటి అభ్యంతరం, ఒక భోజనానికి రెండుసార్లు డబ్బు పుచ్చుకోవడం. టిక్కెట్టులో తిండి ఉందన్నారు, మళ్ళీ మంచి తిండి విడిగా ఉందన్నారు. అంటే మొదటిది మంచిది కాదనేగా అర్థం? మన ఇళ్ళకి వచ్చిన చుట్టానికి అన్నం పెట్టి, “లోపల ఇంకో కూరుంది, దానికి యాభై రూపాయలు” అంటే ఎలా ఉంటుంది?

ఇది కొత్తగా పుట్టిన దురాశ అనుకున్నాను గాని కాదట. 1905లో అమెరికా అనే పేరుగల జర్మను ఓడలో రిట్జ్ హోటలు వాళ్ళ పద్ధతిలో ఒక ప్రత్యేక భోజనశాల పెట్టారు. మొదటి తరగతి ప్రయాణికులు సైతం అందులో తినాలంటే విడిగా చెల్లించాలి. 1912లో మునిగిపోయిన టైటానిక్‌లోనూ అలాంటిదే ఉండేది. లూయీజీ గాటీ అనే ఇటలీ ఆయన నడిపేవాడు. ఒక సంగతి మాత్రం మెచ్చుకోవాలి. ఆ రోజుల్లో ప్రయాణమంతా అక్కడే తింటానన్నవాళ్ళకి టిక్కెట్టులో కొంత తగ్గించేవారు. తినని భోజనానికి డబ్బు వెనక్కి ఇచ్చే ఆ పాత మర్యాద ఇప్పుడు లేదు. ఓడ మునిగిన రాత్రి ఆ భోజనశాలలో పనిచేసేవాళ్ళు దాదాపు అందరూ పోయారు, గాటీతో సహా. బతికినవాళ్ళు ముగ్గురే. విలాసాల కథ చెప్పేవాళ్ళు వెండి చెంచాల దగ్గర ఆగిపోతారు. వడ్డించిన చేతుల దాకా రారు.

తర్వాత చాలా ఏళ్ళు విహారపు ఓడల్లో మన పెళ్ళిభోజనం పద్ధతే నడిచింది. మొదటి బంతి ఆరింటికి, రెండో బంతి ఎనిమిది దాటాక. మీ బల్ల నంబరు మీకిస్తారు, ప్రయాణమంతా అదే బల్ల, అదే పొరుగు, అదే వడ్డించే అబ్బాయి. నచ్చినా నచ్చకపోయినా అంతే. 2000లో నార్వీజియన్ క్రూయిజ్ లైన్ అనే కంపెనీ, “మీకు నచ్చినప్పుడు నచ్చినచోట తినండి” అని కొత్త పద్ధతి తెచ్చింది. మిగతావాళ్ళూ తలో విధంగా ఆ దారి పట్టారు. స్వేచ్ఛ వచ్చింది. స్వేచ్ఛ వచ్చిన చోట అందరికీ ఏడున్నరకే ఆకలేసింది. అప్పణ్ణించీ ఈ చెయ్యి వెయ్యడాలు ఎక్కువయ్యాయి.

నా రెండో అభ్యంతరం ఇంకా ముఖ్యమైనది. దొరకకపోవడమే రుచి అయిపోతోంది. మేము శాకాహారులం. ఆ మాంసం కాల్చే హోటలుతో మాకు ఏం పని? కాని అదీ నిండిపోయిందని తెలియగానే మావారి ముఖం చిన్నబోయింది. “కనీసం చూసి వచ్చేవాళ్ళం కదా!” అన్నారు. పక్క గదిలో ఉన్న దంపతులు రాత్రి జపాను హోటల్లో తిని వచ్చామని చెప్పారు. ఎలా ఉందని అడిగితే రుచి గురించి ఒక్క మాట చెప్పలేదు. నలభై రోజుల ముందు అర్ధరాత్రి లేచి ఎలా సంపాదించారో అరగంట చెప్పారు.

నవ్వుకున్నాను గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. తిరుమల మూడు వందల రూపాయల దర్శనం టిక్కెట్ల కోసం ఉదయాన్నే కంప్యూటరు ముందు కూర్చుని, దొరికిన రోజు ఊరంతా చాటింది నేనే కదా! ఈ తిరుమల పోలికలో ఒక విశేషం ఉంది, గమనించండి. కొండ మీద ఆ టిక్కెట్టు దర్శనానికి రిజర్వేషను కావాలి, అన్నానికి అక్కర్లేదు. 1985లో మొదలైన నిత్యాన్నదానం ఇవాళ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టిన భవనంలో, నాలుగు హాళ్ళలో, ఒక్కో హాలుకి వెయ్యేసి మందిని కూర్చోబెట్టి నడుస్తోంది. పేరడగరు, ఊరడగరు. ఓడలో దీనికి తలకిందులు. సముద్ర దర్శనానికి రిజర్వేషను లేదు, కావలసినంతసేపు చూడొచ్చు. అన్నానికి మాత్రం కావాలి.

మర్నాడు సాయంత్రం డెక్కు మీద కూర్చుని ఇదంతా నేను ఆవేశంగా చెబుతూ ఉంటే మా అత్తగారు విని, “ఏటే అంత కోపం? మా నాన్న రంగూను ఓడలో తిన్నది ఏటో తెలిస్తే నువ్వీ మాటలనవు” అన్నారు.

ఆవిడ నాన్నగారు పెళ్ళికాక ముందు రంగూనులో బియ్యం వ్యాపారి దగ్గర గుమాస్తా. ఆ రోజుల్లో మా శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుంచి బర్మా పోని ఊరు లేదు. కోతలకీ, మిల్లులకీ, రేవు పనికీ వేలకు వేలు పోయేవారు. స్టీమరులో గది తీసుకునే తాహతు ఎవరికుంది? డెక్కు టిక్కెట్టే. పరచుకున్న చాప మేరకే ఇల్లు. అటుకులూ బెల్లమూ, ఊరగాయ జాడీ ఎవరి మూట వాళ్ళది. సముద్రం పొంగితే తిన్నది నిలవదు, నిలిచినవాడి మూట ఖాళీ. “పక్క చాపవాడు పెట్టిన అటుకులే తిన్నాను, వాడి పేరు కూడా అడగలేదు, అని జీవితాంతం అనుకునేవారు మా నాన్న” అన్నారు అత్తగారు. 1941 డిసెంబరులో రంగూను మీద జపాను బాంబులు పడ్డాక ఆయన ఓడ దొరక్క, వేలాది మందితో పాటు అడవుల్లోంచి నడిచి వచ్చారట. అప్పుడు ఓడలో చోటు దొరకడమంటే తిండి విషయం కాదు, ప్రాణం విషయం.

ఆవిడ ఈ మాటలు చెప్పిన తీరులో నన్ను తప్పుపట్టడం లేదు. అయినా ఇటలీ హోటలు ఏడున్నరకి దొరకలేదన్న నా దుఃఖం కొంచెం సిగ్గుపడి పక్కకి తప్పుకుంది.

మూడో రోజు ఉదయం మా కోడలికి ఒక ఉపాయం తెలిసింది. రాయించుకున్నవాళ్ళు కొందరు మానుకుంటారు. మానుకుంటున్నామని ముందుగా చెప్పకపోతే జరిమానా పడుతుంది కనక చెప్పేస్తారు. అంచేత రోజూ ఉదయాన్నే హోటలు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చునే అమ్మాయిని నేరుగా అడిగితే ఒకటో రెండో దొరుకుతాయి. నన్నూ, అత్తగారినీ వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆ అమ్మాయి మన దేశం పిల్లే, గోవా వైపు నుంచి వచ్చిందట. ఓడల్లో వంటలోనూ, వడ్డనలోనూ మనవాళ్ళు చాలామందే ఉంటారు. ఆ రాత్రి ఆరున్నరకి అయిదుగురికి చోటుందని చెప్పి, కాగితం తీసుకుని, ఒక్కొక్కరి పేరూ రాయడం మొదలెట్టింది. పెద్దావిడ అని మొదట అత్తగారి వైపే తిరిగి హిందీలో ఏదో అడిగింది.

“ఏటంటుంది?” అన్నారు అత్తగారు.

“మీ పేరడుగుతోంది మామ్మగారూ. మీరు ఏం తినరో, ఏది పడదో చెప్పమంటోంది. ఆరున్నర మీకు వీలేనా, ఇంకొంచెం ముందు కావాలా అంటోంది” అని కోడలు చెప్పింది.

“నన్నా?” అన్నారు ఆవిడ. “నన్నడగడమెందుకూ? మగవాళ్ళని అడగమను. వాళ్ళు తిన్నాక ఏదుంటే అది తింటాను.”

ఆ మాట మా కోడలు హిందీలోకి మార్చలేదు. కాసేపు ఊరుకుంది. గోవా అమ్మాయి కలం పట్టుకుని ఎదురుచూస్తూనే ఉంది. నేనూ ఏమీ అనలేకపోయాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆవిడతో ఒక కప్పు కింద ఉన్నాను. వంకాయ ఆవిడకి దురద పెడుతుందని నాకు తెలుసు. అయినా మావారికి ఇష్టమని వారానికి రెండుసార్లు వండాను, ఆవిడ పచ్చడేసుకుని తినేసేవారు. ఏది పడదో చెప్పమని ఆవిడని ఎవరమూ అడగలేదు. అడగాలని నాకు తోచలేదు.

చివరికి అత్తగారే మెల్లిగా తన పేరు చెప్పారు. తర్వాత, “వంకాయ పడదని చెప్పు” అన్నారు.

ఇక్కడ నా విమర్శ కొంచెం దారి మళ్ళింది. మనకి అన్నం లెక్కపెట్టకపోవడం గొప్ప. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు గోదావరి వరదల్లో, అర్ధరాత్రి అయినా సరే, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు పెట్టింది. 1909లో ఆవిడ పోతే, నూరేళ్ళు దాటాక 2024లో మన ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టుకుంది. అంత పేరు ఆ చేతికి తగిందే. ఇంకోవైపు లెక్కపెట్టే అన్నమూ మనకుంది. అది పూటకూళ్ళ ఇల్లు. కన్యాశుల్కం పుణ్యమా అని విజయనగరం పూటకూళ్ళమ్మ తెలుగువాళ్ళందరికీ చుట్టం. పూటకూళ్ళ ఇంట్లో ఫలానా పూటకి ఇందరం వస్తామని ముందే చెప్పాలి. చెప్పకపోతే ఎసట్లో మీ గింజలు పడవు. అది రిజర్వేషను కాక మరేమిటి? సీతమ్మకి చేతులెత్తి దణ్ణం పెట్టాం. పూటకూళ్ళమ్మని చూసి నవ్వాం.

కాని అడుగుతాను, చెప్పకుండా వచ్చే చుట్టం భారం ఎవరు మోస్తారు? ఎవరో ఒకరు మొయ్యాలి గదా! మన ఇళ్ళలో దాన్ని మోసేది పొయ్యి దగ్గరున్న మనిషి. ఎవరైనా వస్తారేమోనని ఒక గిద్దెడు ఎక్కువ పోస్తుంది. రాకపోతే రాత్రికి ఆ చద్దన్నం తనది. వస్తే తన వాటా వాళ్ళది, తనకి మజ్జిగ నీళ్ళు. “మా ఇంట్లో ఎంతమంది వచ్చినా లేదనం” అని హాల్లో కూర్చున్నాయన మీసం తిప్పుతాడు. ఆ “లేదనం” వెనక లేకుండా పోయినది ఎవరి ముద్దో ఆయన ఎప్పుడూ వంటింట్లోకి వచ్చి చూడడు. ఓడవాళ్ళ పద్ధతిలో ఆ అనిశ్చితం తినేవాడి మీద పడింది. ముందు చెప్పుకో, చెప్పి రాకపోతే జరిమానా కట్టుకో. మర్యాదగా కనిపించదు, ఒప్పుకుంటాను. కాని న్యాయం అందులో ఒక పాలు ఉంది.

అయితే అత్యాశని నేను న్యాయం అనడం లేదు. కుర్చీలు తక్కువ వేసి, కావాలనే మనుషుల్ని ఆరాటపెట్టి, ఆ ఆరాటాన్ని అమ్ముకోవడం వ్యాపారం. నేను మెచ్చుకున్నది ఆ కాగితంలో ఒకే ఒక్క వరసని. పేరేమిటి, ఏ వేళ వీలు, ఏది పడదు. ఈ మూడు ప్రశ్నలకీ డాలర్లక్కర్లేదు.

ఆ రాత్రి భోజనం సంగతీ చెప్పాలి గదా. ఆరున్నరకి వెళ్ళాం. ఆడవాళ్ళకి ముందు వడ్డించడం వాళ్ళ ఆచారం. అందులోనూ పెద్దావిడకి మొదట. అత్తగారి ముందు పళ్ళెం పెట్టారు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కొడుకు పళ్ళెం వైపు చూస్తూ కూర్చున్నారు. “తినమ్మా, చల్లారిపోతుంది” అన్నారు మావారు. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. ఆవిడ ఇబ్బందిగా నవ్వి ఒక ముద్ద తిన్నారు.

వంట ఎలా ఉందంటారా? టమాటా గుజ్జులో ఉడికించిన పిండి గొట్టాలు. పైన జున్ను తురుము. ఉప్పు ఉంది, కారం లేదు, పులుపు ఉందా అంటే ఉంది. రొట్టె బాగుంది. నెయ్యి బదులు ఆలివు నూనె ఇచ్చారు, ఫరవాలేదు. మా అత్తగారు కాసేపయ్యాక సంచీలోంచి చిన్న డబ్బా తీశారు. అందులో రాజాం నుంచి తెచ్చిన కందిపొడి. మావాడు, “మామ్మా, ఇక్కడ కాదు!” అని గాభరా పడ్డాడు. వడ్డించే అబ్బాయి మాత్రం చెంచా తెచ్చిచ్చాడు. ఆ పొడి పడ్డాక ఆ ఇటలీ వంటకి ప్రాణం వచ్చిందని అయిదుగురమూ ఏకగ్రీవంగా తీర్మానించాం. బిల్లు చూసి మావారు రూపాయల్లోకి మార్చబోతే కోడలు ఆపింది.

నిజం చెప్పాలంటే మేము బాగా తిన్నది డబ్బు కట్టక్కర్లేని పెద్ద భోజనశాలలోనే. శాకాహారులమని మొదటి రోజే పెద్ద వడ్డనదారుకి చెప్పాం. “రేపటికి పప్పూ, కూరా, అన్నం చేయించమంటారా?” అని ఆయనే అడిగాడు. చాలా ఓడల్లో ఒక రోజు ముందు చెబితే చేస్తారట. ఈ సంగతి తెలియక మనవాళ్ళు ప్రత్యేక హోటళ్ళ వెంట పడతారు.

పిల్లల దగ్గరికి వెళ్ళి ఓడెక్కబోయే అక్కచెల్లెళ్ళకి నేను నేర్చుకున్నవి రెండు ముక్కలు. రాయించుకోవాలనుంటే ఇంట్లో ఉండగానే రాయించండి. లేదా మొదటి రాత్రికి అడగండి. ఆ రాత్రి జనం ఇంకా ఓడలో దారులు వెతుక్కుంటూ ఉంటారు కనక చోటుంటుంది. ఓడ రేవులో ఆగకుండా సముద్రం మీదే ఉండే రోజుల్లో కొన్ని హోటళ్ళు మధ్యాహ్నం కూడా తెరుస్తాయి, అప్పుడు పోటీ తక్కువ. దొరకలేదా, దిగులుపడకండి. దొరికినవాళ్ళు మీకంటే బాగా తిన్నారని ఎక్కడా రాసి లేదు. కందిపొడి మాత్రం మరిచిపోవద్దు.

ఇందుకోసం అమెరికాయే పోనక్కర్లేదు కూడా. 2022 జూన్‌లో మన విశాఖపట్నం నుంచి విహారపు ఓడ నడిచింది. 2023లో విశాఖ రేవులో అలాంటి ఓడల కోసమే ఒక టెర్మినలు కట్టి ప్రారంభించారు. మా అత్తగారి తండ్రి మూట పట్టుకుని స్టీమరెక్కిన తీరం అది. ఇప్పుడు అక్కడ చక్రాల పెట్టెలు దొర్లుతాయి. దొర్లనివ్వండి. మన మనవలైనా సముద్రాన్ని సరదాగా దాటడం మంచిదే.

రాజాం వచ్చి నాలుగు నెలలైంది. మా ఇంట్లో విప్లవాలేవీ రాలేదు. అత్తగారు ఇప్పటికీ మగవాళ్ళు తిన్నాకే తింటారు. ఎన్నిసార్లు కూర్చోమన్నా “అలవాటే, పోనీ” అంటారు. నేను మాత్రం వంకాయ వండిన రోజున ఇంకో కూర చేస్తున్నాను. ఇన్నేళ్ళ ఆలస్యానికి అది ఏ మూలకి?

మొన్న శుక్రవారం పొద్దున్న కూరల గంప ముందేసుకుని కూర్చున్నాను. ఆయనకి దొండకాయ, అత్తగారికి బీరకాయ అని ఏరుతున్నాను. అత్తగారు వచ్చి పీట వాల్చుకుని కూర్చున్నారు. బీరకాయ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, “మరి నువ్వేం తింటావే?” అన్నారు.

ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆ ఇంట్లో ఆ ప్రశ్న వినడం నాకదే మొదటిసారి. చెబుదామని నోరు తెరిచాను. ఏం చెప్పాలో తోచలేదు. నాకేమిష్టమో నాకే గుర్తు లేదు.

“ఆలోచించుకుని చెప్పు. తొందరేటుంది?” అని ఆవిడ కత్తిపీట ముందుకు లాక్కున్నారు.